పడితే మోగాల్సిన బ్యాండ్, కూర్చుంటే మోగింది: ఒక కేస్ స్టడీ

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్లే. కొన్నేళ్లుగా దీనికి ఇంకో పని తోడైంది. పెద్దవాళ్ల సంరక్షణ కోసం కొనే ఏఐ పరికరాలు నిజంగా వాళ్లకి పనికొస్తున్నాయో లేదో చూసి చెప్పమని అడుగుతున్నారు. ఈ కేసులో పరికరం చెడిపోలేదు, ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా దాన్ని పెట్టుకున్నవాళ్లే నష్టపోయారు. అందుకే రాస్తున్నాను. మనుషుల్ని, చోటుని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

అది ఒక ఓల్డేజ్ హోమ్. ఉండేవాళ్ల వయసు ఎనభైకి అటూ ఇటూ. సగం మందికి పైగా వాకరో చేతికర్రో లేనిదే అడుగు వేయలేరు. కొందరికి మతిమరుపు ముదిరింది. మిగతావాళ్లలో చాలామందికి ఒళ్లు సహకరించకపోయినా బుర్ర మాత్రం పాదరసంలా పనిచేస్తుంది.

నేను వెళ్లేసరికే అందరి చేతికీ ఒక బ్యాండ్ ఉంది. లోపల కదలికల్ని కొలిచే సెన్సర్, దాని వెనక ఒక ఏఐ మోడల్. మనిషి పడ్డాడని మోడల్‌కి అనిపిస్తే నర్సుల గదిలో అలారం మోగుతుంది, అదే క్షణంలో ఇంట్లోవాళ్ల ఫోన్లోని యాప్‌కి మెసేజ్ వెళ్తుంది. దీనికి తోడు రోజూ ఒక్కొక్కరికీ ఒక రిస్క్ స్కోర్. పచ్చ, పసుపు, ఎరుపు. ఆ రంగులు నర్సుల బోర్డు మీద పేర్ల పక్కనే కనిపిస్తాయి.

ఇది ఎందుకు కొన్నారో చెప్పకపోతే మేనేజ్‌మెంట్‌కి అన్యాయం చేసినట్టే. అంతకుముందు ఒకాయన రాత్రి బాత్‌రూమ్‌లో పడి, తెల్లారేదాకా అక్కడే ఉండిపోయారు. పడటం ఒక ఎత్తు, పడ్డాక గంటల తరబడి లేవలేక నేల మీదే ఉండిపోవడం ఇంకో ఎత్తు. ఎముక విరగకపోయినా ఒంట్లో నీరు తగ్గిపోతుంది, ఒరుసుకున్న చోట పుండ్లు పడతాయి, నలిగిన కండరాల నుంచి వచ్చే పదార్థాలు కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కింద పడటం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. కాబట్టి పడిన వెంటనే తెలియాలన్న కోరికని తప్పు పట్టలేం.

నన్ను పిలిచిన కారణం, నాకు కనిపించిన కారణం

మేనేజ్‌మెంట్ చెప్పిన సమస్య ఒకటే. "వీళ్లు బ్యాండ్లు తీసేస్తున్నారండీ. దిండు కింద పెడుతున్నారు, డ్రాయర్లో దాస్తున్నారు. పెద్దవాళ్లకి కొత్త టెక్నాలజీ అంటే భయం కదా, మీరు కాస్త నచ్చజెప్పండి."

భయం అన్న మాట నాకు మింగుడుపడలేదు. అదే మనుషులు వీడియో కాల్‌లో మనవలతో గంటలు గంటలు మాట్లాడుతున్నారు. ఒక పరికరాన్ని వాడుతూ ఇంకోదాన్ని దాస్తున్నారంటే ఆ రెండో దానిలోనే ఏదో ఉండాలి. అందుకే నచ్చజెప్పే పని పక్కన పెట్టి ముందు పాత రికార్డులు తిరగేశాను. అందరికీ అంతకుముందు టైమ్డ్ అప్ అండ్ గో అనే పరీక్ష చేసి ఉన్నారు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష అది. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉందని లెక్క. మళ్లీ చేసి చూస్తే కొత్త జబ్బేమీ రానివాళ్లకి కూడా టైమ్ పెరిగింది. తొడ కండరాలు తగ్గాయి. బ్యాండ్లు వచ్చాక వీళ్లు నడవడం తగ్గించారన్నమాట. ఈ సంగతి మేనేజ్‌మెంట్ లిస్టులో లేదు.

ఆ లిస్టులో లేనిది ఇంకొకటి కూడా ఉంది. నర్సులు అలారం మోగితే తల తిప్పి చూడటం మానేశారు.

ఒక పెద్దావిడ గదిలో కూర్చున్నప్పుడు చాలా విషయాలు తేలిపోయాయి. ఆవిడ రిటైరైన టీచర్. కిటికీ దగ్గర్నుంచి కుర్చీ దాకా నెమ్మదిగా వచ్చారు, వెనక్కి తిరిగారు, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించారు. సగం దాకా జాగ్రత్తగానే వంగారు. చివరి జానెడు దూరంలో తొడలు పట్టు వదిలేశాయి. దభీమని కూర్చున్నారు. మోకాళ్లు అరిగి, తొడల్లో బలం తగ్గినవాళ్లు కూర్చునే తీరే అది. నేను రోజూ చూసేదే. బ్యాండ్ మాత్రం వణికింది, కాసేపటికే ఫోన్ మోగింది.

"అమ్మా, మళ్లీ పడ్డావా? అసలు ఎందుకు లేచావు?"

"పడలేదురా, కూర్చున్నాను."

"అలర్ట్ వచ్చిందిగా!"

ఫోన్ పెట్టేసి ఆవిడ నాతో అన్నారు: "రోజూ ఈ సంజాయిషీలు చెప్పుకోలేక లేవడమే తగ్గించాను డాక్టరమ్మా. కూర్చుని ఉంటే ఇది నోరెత్తదు."

ఆవిడ పేరు పక్కన ఎరుపు. ఫైల్లో చూస్తే ఆ ఉత్తుత్తి అలర్టులన్నీ "పడిపోవడం" అనే గడిలో నమోదై ఉన్నాయి. వాటి ఆధారంగా ఆవిడని పూర్తిగా నర్సుల కనుసన్నల్లో ఉండే వింగ్‌కి మార్చాలనే ఆలోచన కూడా నడుస్తోంది. ఆ వింగ్‌లో ఖర్చు ఎక్కువ, సొంత గది ఉండదు. ఒక్కసారి కూడా పడని మనిషి!

రెండు గదుల అవతల ఒక పెద్దాయన. వాకర్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. మలుపు తిరిగేటప్పుడు తూలుతుంటారు కూడా. నా లెక్కలో ఆ అంతస్తులో అందరికంటే ముప్పు ఉన్న మనిషి ఆయనే. బోర్డు మీద మాత్రం పచ్చ! కారణం చిన్నదే. రెండు చేతులూ వాకర్ పిడుల మీద ఉంటాయి కాబట్టి మణికట్టు ఊగదు. మణికట్టు ఊగకపోతే బ్యాండ్ దృష్టిలో ఆయన నడవనట్టే. రోజంతా కుదురుగా కూర్చునే మనిషని రాసుకుంది.

మోడల్ ఎక్కడ నేర్చుకుంది

కంపెనీ వాళ్లని అడిగిన మొదటి ప్రశ్న ఇదే. మొత్తం మీద ఖచ్చితత్వం ఎంతో చెప్పారు, వినడానికి బాగానే ఉంది. ఎనభై దాటినవాళ్లలో ఎంత, వాకర్ వాడేవాళ్లలో ఎంత అని విడదీసి ఇమ్మంటే లేదన్నారు. పరీక్షల్లో పడి చూపించింది ఎవరు అంటే, ఎక్కువగా తమ వాలంటీర్లే అన్నారు. వయసులు అడిగితే పాతిక, ముప్పై.

ఇది ఆ ఒక్క కంపెనీ గొడవ కాదు. ఈ రంగంలో అందరూ వాడే డేటాసెట్ల పరిస్థితీ అదే. 2017లో వచ్చిన సిస్‌ఫాల్‌లో 23 మంది యువతీయువకులు, 15 మంది పెద్దవాళ్లు ఉన్నారు. కానీ పెద్దవాళ్లలో పడి చూపించింది ఒకే ఒక్కరు, అదీ జూడోలో ఆరితేరిన వ్యక్తి. ఎనభై ఏళ్లవాళ్లని పడమని అడగలేం కాబట్టి కుర్రవాళ్లు పరుపు మీద పడతారు. నిలువునా పడతారు, గట్టిగా తగులుతుంది, తర్వాత కదలకుండా ఉంటారు. ఇక మోడల్‌కి పడటమంటే అదే. మా దగ్గర పడే తీరు వేరు. గోడ పట్టుకుని మెల్లగా జారిపోతారు. మంచం అంచు నుంచి కిందకి దిగిపోతారు. పడ్డాక కదలకుండా ఉండరు, లేవాలని పెనుగులాడుతూనే ఉంటారు. 2012లో ఒక పరిశోధన బృందం అప్పటికి ఉన్న 13 అల్గారిథంలని మనుషులు నిజంగా పడిన సందర్భాల మీద పరీక్షించింది. సగటున నూటికి 57 మాత్రమే పట్టుకోగలిగాయి. ఉత్తుత్తిగా పడి చూపించిన పరీక్షల్లో వాటికి వచ్చిన మార్కులు అంతకంటే చాలా ఎక్కువ.

చేసి చూసినవి, ఫలించనివి

మేనేజ్‌మెంట్ పట్టుబట్టి ఒక అవగాహన సదస్సు పెట్టింది. బ్యాండ్ ఎంత మంచిదో బొమ్మలతో సహా చెప్పారు. కొద్ది రోజులు అందరూ పెట్టుకున్నారు, ఆ తర్వాత మళ్లీ డ్రాయర్లే. వాళ్లకి తెలియనిది ఏదైనా ఉంటే కదా అవగాహన కలిగేది. బ్యాండ్ ఏం చేస్తుందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

తర్వాత కంపెనీ, ఎంత చిన్న కుదుపుకి బ్యాండ్ మోగాలో తేల్చే సెన్సిటివిటీని అందరికీ తగ్గించింది. నాకు అనుమానం ఉన్నా అడ్డు చెప్పలేదు, ఎందుకంటే నర్సుల బాధ లెక్కల్లో కూడా కనిపిస్తోంది. 60 మంది ఉన్న హోమ్ అనుకుందాం. ఇలాంటి చోట్ల ఏడాదిలో నూటికి 30 నుంచి 50 మంది పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సగం మంది ఒక్కోసారి పడ్డారనుకున్నా అవి 30. మనిషికి వారానికి ఒక్క తప్పుడు అలర్ట్ వచ్చినా ఏడాదికి 3,120. నిజంగా పడిన ఒక్కో అలర్టుకీ నూరు ఉత్తుత్తివి. తొంభై తొమ్మిది సార్లు పరిగెత్తి వచ్చిన నర్సుకి నూరోసారి కాళ్లు కదలకపోతే తప్పు ఆమెది కాదు.

అలారాలు తగ్గాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈలోగా ఒకావిడ తెల్లవారుజామున మంచం మీంచి జారి కింద కూర్చుండిపోయారు, బ్యాండ్ కిక్కురుమనలేదు. రౌండ్స్‌కి వచ్చిన సిస్టర్ చూసింది కాబట్టి సరిపోయింది. దెబ్బలేమీ తగల్లేదు. మీట ఇటు తిప్పితే ఉత్తుత్తి అలారాలు, అటు తిప్పితే మెత్తగా పడినవాళ్లు జారిపోతారు. ఒకే మీటతో రెండూ సరిచేయడం కుదరదని అప్పుడు అందరికీ అర్థమైంది.

గదుల్లో కెమెరాలు పెడితే ఖచ్చితత్వం పెరుగుతుందని కంపెనీ అంది. నిజమే కావచ్చు. కానీ బాత్‌రూమ్‌లోనూ ముప్పు ఉంటుంది, అక్కడ కెమెరా పెట్టమని ఎవరు చెప్తారు? గదుల్లో పెట్టడం గురించి అక్కడ ఉంటున్నవాళ్లనే మీటింగ్ పెట్టి అడిగాం. చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఒకాయన "మీ ఇంట్లో పెట్టుకున్నారా?" అని కంపెనీ ప్రతినిధిని అడగడంతో ముగిసింది.

సమ్మతి ఎవరిది

ఇక మిగిలింది మోడల్‌కి వీళ్ల కదలికల్నే నేర్పించడం. దానికి వీళ్ల డేటా కావాలి. సమ్మతి పత్రాలు తీసి చూస్తే దాదాపు అన్నింటి మీదా పిల్లల సంతకాలే. చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల దొంతరలో అదీ ఒకటి. తన మంచీ చెడ్డా తాను నిర్ణయించుకోగల మనిషి తరఫున కొడుకు సంతకం పెడితే దాన్ని సమ్మతి అనలేం. ఇక్కడ మేనేజ్‌మెంట్‌తో నాకు గట్టి వాదనే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 ఫిబ్రవరిలో, వైద్యంలో వాడే ఏఐలో వయో వివక్ష గురించి ఒక పత్రం విడుదల చేసింది. పెద్దవాళ్లని డిజైన్లోనే భాగస్వాములు చేయాలని, ఒప్పుకునే హక్కే కాకుండా ఫలితాన్ని సవాలు చేసే హక్కూ వాళ్లకి ఉండాలని అందులో ఉంది. నా వాదనకి అది అండగా నిలిచింది.

సమ్మతి మళ్లీ మొదటి నుంచి తీసుకున్నాం. పెద్ద అక్షరాల్లో ఒక పేజీ. ఒకరోజు చదివి వినిపించడం, ఆలోచించుకోవడానికి వదిలేయడం, ఇంకో రోజు వచ్చి అడగడం. వద్దన్నా సంరక్షణలో ఏ తేడా ఉండదని వాళ్ల ముందే నర్సులకి చెప్పడం. కొందరు వద్దన్నారు. వాళ్ల పాత డేటా చెరిపించాం. మతిమరుపు ముదిరినవాళ్ల విషయంలో కుటుంబం ఒప్పుకున్నా సరే, పెట్టేటప్పుడు చెయ్యి వెనక్కి లాక్కుంటే ఆ రోజుకి పెట్టకూడదనుకున్నాం.

ఏ డేటా తీసుకోవాలన్నది ఇంకో నిర్ణయం. పెద్దవాళ్లు మెల్లగా జారిపడే తీరుని పరుపుల మీద చేయించి రికార్డు చేద్దామని కంపెనీ ఇంజనీర్లు అడిగారు. వద్దన్నాను. ఎముకలు గుల్లబారిన మనిషిని పరుపు మీదైనా సరే పడమని చెప్పే అధికారం ఏ మోడల్ కోసమైనా నాకు లేదు. కాబట్టి కూర్చోవడం, లేవడం, పడుకోవడం, వాకర్‌తో నడవడం ఇవే రికార్డు చేశాం. దీనితో ఉత్తుత్తి అలారాలు తగ్గుతాయి. నిజంగా పడినప్పుడు పట్టుకోలేకపోవడం మాత్రం తగ్గదు. ఆ తేడాని రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాను. అలారాలు తగ్గాయి కదా అని రాత్రి రౌండ్స్ తగ్గించేస్తారేమోనని నా టెన్షన్. ఆ ఆలోచన ఉన్నట్టు తర్వాత తెలిసింది కూడా.

మోడల్‌కి మళ్లీ శిక్షణ ఇచ్చాక దభీమని కూర్చుంటే మోగడం బాగా తగ్గింది. వాకర్ వాడేవాళ్లకి మణికట్టు దగ్గర ఎంత నేర్పినా లాభం లేకపోయింది. వాళ్లకి సెన్సర్‌ని నడుముకి మార్చాం. చెయ్యి ఊగినా ఊగకపోయినా నడిచేటప్పుడు నడుము కదులుతుంది.

అయినా బ్యాండ్లు డ్రాయర్లలోనే ఉన్నాయి.

అసలు ముడి

టీచరమ్మనే అడిగాను, ఇప్పుడు ఊరికే మోగడం లేదు కదా, ఇంకా ఎందుకు తీసేస్తున్నారని. "నిజంగా పడ్డా సరే, ముందు నన్నడగాలి కదమ్మా. నేను లేచేలోపే వాడికి తెలిసిపోతే ఎలా?" అన్నారు.

మేమంతా మోడల్ ఎంత కరెక్టుగా చెప్తోంది అన్న దాని చుట్టూ తిరుగుతున్నాం. అది ఎవరితో చెప్తోంది, ముందు ఎవరితో చెప్తోంది అన్నది ఎవరూ అడగలేదు. ఏఐలో న్యాయం అనగానే డేటాలో వాటా గురించి మాట్లాడతారు. అది అవసరమే. ఇక్కడ మాత్రం తన ఒంటి కబురు తనకంటే ముందు ఇంకొకరికి చేరుతోందన్నదే అసలు బాధ.

అలర్ట్ వెళ్లే వరస మార్చాం. ముందు బ్యాండ్ వణుకుతుంది, పెట్టుకున్న మనిషికి 30 సెకన్ల టైమ్. బాగానే ఉంటే బటన్ నొక్కాలి. మొదట టచ్ స్క్రీన్ మీద పెట్టారు. వయసుతో వేలి చర్మం పొడిబారినవాళ్లు నొక్కితే అది పలకలేదు, వణుకు ఉన్నవాళ్లు నొక్కితే రెండుసార్లు పడింది. చివరికి వేలికి తగిలే గట్టి బటనే పెట్టించాం. నొక్కకపోతే నర్సుకి అలారం. నర్సు వచ్చి చూశాక, నిజంగా పడి ఉంటేనే కుటుంబానికి కబురు. అదీ ఆ మనిషి ముందుగా రాసిచ్చినట్టు. "వెంటనే చెప్పండి", "నన్నడిగి చెప్పండి", "దెబ్బ తగిలితేనే చెప్పండి", ఈ మూడింటిలో ఒకటి.

నర్సుల నుంచి వచ్చిన అభ్యంతరంలో న్యాయం ఉంది. తలకి దెబ్బ తగిలి అయోమయంలో ఉన్న మనిషి బటన్ నొక్కేస్తే? అందుకని బటన్ నొక్కినా నర్సు స్క్రీన్ మీద చప్పుడు లేకుండా ఒక గుర్తు పడేలా చేశాం, తర్వాతి రౌండ్లో వెళ్లి పలకరిస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల దగ్గరికి మాత్రం బటన్ నొక్కినా నొక్కకపోయినా వెంటనే వెళ్లాలి, ఎందుకంటే తల లోపల రక్తస్రావం గంటల తర్వాత బయటపడవచ్చు. ఈ మినహాయింపు గురించి వాళ్లకి ముందే చెప్పాం. టీచరమ్మ అలాంటి మందు వాడుతున్నారు. కారణం విని "ఇది సబబుగానే ఉంది" అన్నారు.

పిల్లల నుంచి వచ్చిన అభ్యంతరం వేరు. "డబ్బు కట్టేది మేము, మాకు తెలిసే హక్కు లేదా?" అని ఒకాయన కోప్పడ్డారు. దూరాన ఉండి ఏమీ చేయలేని మనిషి ఆందోళన అది, దాన్ని తీసిపారేయలేను. వారానికోసారి అమ్మ నడక గురించి నేనే ఫోన్ చేసి చెప్తానన్నాను, అమ్మ ఒప్పుకుంటేనే. కొందరు పిల్లలు కుదుటపడ్డారు. కొందరు ఇప్పటికీ కుదుటపడలేదు.

రంగుల బోర్డు నర్సుల గదిలోంచి తీయించాను. ఎరుపు ఉన్నవాళ్లని "లేవకండమ్మా, కూర్చోండి" అనడం అక్కడ అలవాటైపోయింది. కదలకుండా కూర్చోబెడితే అలారాలు తగ్గుతాయి, స్కోరు పచ్చబడుతుంది, మనిషి మాత్రం చిక్కిపోతాడు. ఇప్పుడు స్కోరు ఫిజియోథెరపీ విభాగానికి మాత్రమే వస్తుంది. ఎరుపు వస్తే మేం వెళ్లి ఆ మనిషిని నడిపించి చూడాలి. అంతకు మించి ఆ రంగు మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. అలర్ట్ రికార్డులో "నేను పడలేదు" అని రాయించే వీలు పెట్టాం, నర్సు సంతకంతో ఆ మాట ఫైల్లో ఉంటుంది. టీచరమ్మ పాత అలర్టులన్నీ అలా దిద్దించుకున్నారు. వింగ్ మార్పు ప్రస్తావన అక్కడితో ఆగిపోయింది.

తర్వాత నెలల్లో బ్యాండ్లు చేతుల మీదికి తిరిగొచ్చాయి, అందరివీ కాదు. చాలామందికి టైమ్డ్ అప్ అండ్ గో మెరుగుపడింది. వాకర్ పెద్దాయనకి చివరికి ఎరుపు వచ్చింది. మలుపులు తిరగడం నేర్పించడం మొదలుపెట్టాం.

నేను నేర్చుకున్నవి

ఇప్పుడు ఏ పరికరం నా ముందుకొచ్చినా మొత్తం ఖచ్చితత్వం అడగను. ఎనభై దాటినవాళ్లు, కర్ర వాడేవాళ్లు, వణుకు ఉన్నవాళ్లు, ఇలా విడివిడిగా అడుగుతాను. ఫోన్లో మాట్లాడే బాట్‌లకీ ఇదే వర్తిస్తుంది. మాటకీ మాటకీ మధ్య కాస్త ఎక్కువసేపు ఆగే మనిషి చెప్పడం పూర్తయిందనుకుని అవి మధ్యలోనే అందుకుంటాయి. ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ల మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో ఇచ్చిన నివేదికలో కూడా ఒకరిని చూసి ఇంకొకరనుకునే పొరపాట్లు నడివయసువాళ్ల కంటే వృద్ధుల్లో, పిల్లల్లో ఎక్కువని తేలింది.

పరికరం తప్పు చేస్తే ఎవరు మూల్యం చెల్లిస్తారన్నది రెండో ప్రశ్న. ఇక్కడ ప్రతి తప్పుడు అలర్టుకీ సంజాయిషీ చెప్పుకున్నది కంపెనీ కాదు, కొన్న మేనేజ్‌మెంటూ కాదు. యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టంలో వయసు వల్ల వచ్చే బలహీనతని ఆసరా చేసుకుని మనిషి ప్రవర్తనని వక్రీకరించి హాని చేసే ఏఐని నిషేధించారు, 2025 ఫిబ్రవరి 2 నుంచి అది అమల్లో ఉంది. మా కేసు దాని కిందికి రాదు. ఇక్కడ ఎవరూ ఎవరి బలహీనతనీ వాడుకోలేదు. చాలా కేసులు ఇలాగే చట్టానికి అందనంత మామూలుగా ఉంటాయి, అందుకే కొనే దశలోనే అడగాలి.

మతిమరుపు ముదిరినవాళ్ల విషయంలో నాకు ఇంకా తృప్తి లేదు. చెయ్యి వెనక్కి లాక్కోవడం ఒకరోజు అయిష్టం కావచ్చు, ఇంకోరోజు చలి కావచ్చు. ప్రస్తుతానికి ఆ నిర్ణయం ఆ పూట దగ్గరున్న నర్సుకే వదిలేశాం, కారణం ఒక లైను రాయాలని పెట్టాం.

ఇంకో సంగతి. అంతా సర్దుకున్నాక కంపెనీ ఒక రాత్రి దూరం నుంచే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసింది. మర్నాటి నుంచి కొందరికి కూర్చుంటే మోగడం మళ్లీ మొదలైంది. ఇప్పుడు కాంట్రాక్టులో ఒక షరతు చేర్పించాం. నెమ్మదిగా నడిచేవాళ్ల మీద, వాకర్ వాడేవాళ్ల మీద, వాళ్ల అనుమతితో, ముందుగా పరీక్షించకుండా కొత్త వెర్షన్ ఎవరి చేతికీ ఎక్కించకూడదు. ఆ పరీక్షలో కూర్చోవడానికి మొదట పేరిచ్చింది టీచరమ్మే.